మూసిన దుకాణాలు, మిగిలిన మనుషులు

తిరువూరు దాటి సత్తుపల్లి దారిలో కొద్ది దూరం పోతే తెలంగాణ. మా నాన్న చిన్నప్పుడు అది నైజాం. మా ఊరి తాగుడు చరిత్రంతా ఆ సరిహద్దు చుట్టూనే తిరిగింది.

నాన్నది గీత పని. మోకు, ముస్తాదు, కత్తి, ఇవే ఆయన ఆస్తి. 1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం యుద్ధకాలంలో ఆగిపోయింది. 1946లో ప్రకాశం పంతులు ప్రభుత్వం దాన్ని మళ్లీ లేపింది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. మా కృష్ణా జిల్లాలో కల్లు గీయడం నేరమైపోయింది. తాటిబెల్లానికని లైసెన్సు పొందినవాళ్లు మాత్రం కుండ లోపల సున్నం పూసి చెట్టుకు కట్టాలి. సున్నం ఉంటే తీపినీరు పులియదు. కుండలో సున్నం ఉందో లేదో తడిమి చూడటానికి పొద్దున్నే జవాన్లు వచ్చేవాళ్లని నాన్న చెప్పేవాడు. అవతల మధిర వైపు, హైదరాబాదు రాష్ట్రంలో, అలాంటి నిషేధమేమీ లేదు. చీకటి పడ్డాక పొలం గట్ల మీద అటు నడిచిపోయేవాళ్ల పేర్లు కూడా నాన్నకు గుర్తే. 1956లో రెండు వైపులూ ఒకే రాష్ట్రమైనా ఈ తేడా పోలేదు. 1969లో ఆంధ్ర జిల్లాల్లో నిషేధం సడలించేదాకా అలాగే నడిచింది.

ఈ మధ్యలో ఒక ప్రభుత్వమే పడిపోయింది. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. గీత కార్మికుల కోసం గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడింది. మా ఇంట్లో ఆ రోజు పండగే జరిగిందట. చెట్టెక్కేవాడి బతుకు గురించి లచ్చన్న అడిగింది న్యాయమే, నేను ఆ అన్నం తిని పెరిగినవాణ్ణి. కానీ ఆ గొడవలో నాకు వినిపించేది ఒక పక్క గీతవాడి కూడు, ఇంకో పక్క ఖజానా. మానాలనుకుని మానలేకపోతున్నవాడి గురించి అడిగినవాళ్లు కనపడరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు లేచారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ కూర్చున్నవాళ్లే సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. తర్వాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి పొదుపు చేసుకుంటూ ఆ కూర్చోవడాన్ని నిలబెట్టుకున్నారు. మన ఊళ్లలో తాగుడుకు ఎదురుగా నలుగురు ఒకచోట చేరి కూర్చున్నది అక్కడేనని నేననుకుంటాను. వాళ్లు కాపాడుకున్నది తమ ఇళ్లను. తాగేవాణ్ణి కూడా వాళ్లే బాగుచేయాలనడం అన్యాయం.

1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. అప్పటికి నేను పూర్తిగా మునిగి ఉన్నాను. మర్నాటికి గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికాయి. మా సందులో ఒకాయన మూడో రోజు గోడ నిండా పురుగులు పాకుతున్నాయని అరిచాడు. గాలి సోకిందని మంత్రం వేయించారు. ఏళ్ల తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు, భ్రమలు రావచ్చనీ, ప్రాణం కూడా పోవచ్చనీ, అందుకే డాక్టరు కనుసన్నల్లో మానాలనీ ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. 1997లో దుకాణాలు తెరిచారు, మేమూ మళ్లీ వెళ్లాం. 2014లో సరిహద్దు తిరిగొచ్చింది. 2020 మేలో ఆంధ్రలో ధరలు 75 శాతం పెరిగేసరికి మావాళ్లు మళ్లీ అవతలికి బండి కట్టారు. నాన్న చెప్పిన దారే.

అప్పటికి నేను మానేశాను. నన్ను మాన్పించింది చట్టం కాదు, ఒక గది. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో ఒక స్టాక్ వ్యాపారి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుబోతులే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడంతో పుట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్. మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. నేను బెజవాడలో ఒక మీటింగులో కూర్చున్నాను. ఒక ఆటో డ్రైవరు తన చేతుల వణుకు గురించి చెబుతుంటే నా జనవరి నాకు వినిపించింది. అంతవరకూ నాకు నీతులు చెప్పినవాళ్లే తప్ప తమ సంగతి చెప్పినవాళ్లు లేరు.

కానీ మైలవరం మీదుగా బెజవాడ వెళ్లి రావడమంటే కూలివాడికి ఒక పూట కూలీ, చార్జీలు. రెండు మూడు వారాలకు మానేస్తాడు. అందుకే మీటింగు ఊళ్లోనే ఉండాలని పట్టుబట్టాను. ఎవరైనా అడిగితే ముందు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోమంటాను. అర్ధరాత్రి దిక్కుతోచకపోతే 14446కి ఫోన్ చేయమంటాను, డబ్బులు పడవు. ఇంట్లో ఆడవాళ్లకూ ఆల్-అనాన్ అని వేరే కూటాలుంటాయి, 1951 నుంచీ ఉన్నాయి, తాగేవాడు మానినా మానకపోయినా వాళ్లు వెళ్లొచ్చు.

మాకు లేనిది గది. మా వార్డు డ్వాక్రా సంఘం అక్కయ్యలను అడిగాను. తాగి వచ్చినవాణ్ణి గుమ్మం తొక్కనివ్వం అన్నారు మొదట. తాగి రావద్దన్నదే మా షరతు కూడా అన్నాను. వాళ్లలో వాళ్లు చాలాసేపు మాట్లాడుకుని, గురువారం సాయంత్రం ఆరింటికి తాళం తీస్తామనీ, ఊడ్చే పని మాత్రం మాదేననీ చెప్పారు.