బడి పాలన – పట్టణ ప్రజల ఓటు

బడి ఎక్కడ పెట్టాలి, ఎంత ఖర్చు చేయాలి, ఎవరి పిల్లలకు ఏ సదుపాయం కల్పించాలి అని నిర్ణయించేవాళ్లను ఎవరు ఎన్నుకోవాలి? పైకి ఇది పరిపాలనకు సంబంధించిన చిన్న విషయంగానే కనిపిస్తుంది. కాని ఏ వర్గం పిల్లలు ఎంతవరకు చదువుకోగలరన్న ప్రశ్న ఇందులోనే ఇమిడి ఉంది. తిరుపతి పట్టణాన్ని ఆధారం చేసుకుని ఈ చరిత్రను పరిశీలించడం అవసరం.

ఇంగ్లండులో 1870 నాటి విద్యాచట్టం స్కూలు బోర్డులను ఏర్పరచింది. వాటి సభ్యులను స్థానికంగా పన్ను చెల్లించేవారు నేరుగా ఎన్నుకొనేవారు. స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో 1918 దాకా ఓటు లేదు. స్కూలు బోర్డు ఎన్నికల్లో మాత్రం వాళ్లు మొదటినుంచీ ఓటు వేయగలిగారు, పోటీ చేయగలిగారు. ఎన్ని స్థానాలుంటే ఓటరుకు అన్ని ఓట్లు. అన్నీ ఒక్కరికే వేయవచ్చు. అందువల్ల సంఖ్యలో తక్కువైన వాళ్లు కూడా ఒక్కటై తమ మనిషిని గెలిపించుకోవడానికి వీలుండేది. 1888లో లండన్ అగ్గిపెట్టెల కార్ఖానా ఆడకూలీల సమ్మెకు అండగా నిలిచిన అనిబిసెంటు, అదే సంవత్సరం కార్మికవాడ అయిన టవర్ హామ్లెట్స్ నుంచి లండన్ స్కూలు బోర్డుకు ఎన్నికైంది. ఆకలితో బడికి వచ్చే పిల్లలకు అన్నం పెట్టాలన్నది ఆమె కోరిన ముఖ్యమైన సంస్కరణల్లో ఒకటి.

ఆ అనిబిసెంటే 1915లో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో కళాశాల స్థాపించింది. ఆమె వల్ల మన ప్రాంతానికి కళాశాల వచ్చిందేగాని, ఆమెను గెలిపించిన ఎన్నిక పద్ధతి రాలేదు.

ఇక్కడ వచ్చింది వేరు. రిప్పన్ 1882 తీర్మానం తరువాత 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. 1886లో తిరుపతి మునిసిపాలిటీ అయింది. 1920 ప్రాథమిక విద్యా చట్టం జిల్లా విద్యా మండలులను ఏర్పరచింది. స్థానిక సంస్థల ప్రతినిధులూ, ప్రభుత్వం నియమించినవారూ వాటిలో కూర్చున్నారు. ఆ స్థానిక సంస్థలకైనా ఓటు హక్కు ఆస్తినీ, పన్నునూ బట్టి ఉండేది. భూస్వామి, వర్తకుడు, వకీలు ఓటర్లు. కూలివాడూ, హరిజనవాడలోని తల్లీ ఆ జాబితాలో లేరు.

ఇంత ఇరుకైన ఓటు కూడా ఒక్కోసారి పనిచేసింది. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా ఉన్న మద్రాసు కార్పొరేషను థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని తీర్మానించింది. విద్యార్థికి రోజుకు అణా మించని ఖర్చు! నగరపాలక మండలి చేతిలో బడి ఉన్నప్పుడు, పిల్లవాడి ఆకలి మండలి చర్చకు వస్తుందనడానికి ఇది నిదర్శనం.

స్వాతంత్ర్యానంతరం 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి పల్లె బడులు వాటి కిందికి వచ్చాయి. 1992 రాజ్యాంగ సవరణలు ఈ తేడాను అక్షరాల్లోనే చూపుతాయి. పంచాయతీలకు సంబంధించిన పదకొండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య అని స్పష్టంగా ఉంది. పట్టణాలకు సంబంధించిన పన్నెండవ షెడ్యూలులో సాంస్కృతిక, విద్యా, సౌందర్యాంశాల ప్రోత్సాహం అని మాత్రమే ఉంది. బడి అన్న మాటే అక్కడ లేదు.

తిరుపతికి మరొక ప్రత్యేకత ఉంది. 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్న ఆలయ పాలన 1933లో దేవస్థానం కమిటీకి మారింది. ఆలయ ఆదాయంతో 1945లో వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1952లో పద్మావతి మహిళా కళాశాల వచ్చాయి. రాయలసీమ పేదపిల్లలు ఎందరో వీటివల్ల చదువుకున్నారు. ఆ మేలు కాదనరానిది. అయితే ఆ పాలకమండలిని ప్రభుత్వం నియమిస్తుంది. హుండీలో కానుక వేసే భక్తుడికి గాని, కూతుర్ని కళాశాలలో చేర్చే తల్లికి గాని అందులో ఓటు లేదు.

మునిసిపల్ బడుల సంగతి చూద్దాం. తిరుపతి 2007లో కార్పొరేషను అయింది. తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. పద్నాలుగేళ్లు కార్పొరేషను ఉంది, కార్పొరేటర్లు లేరు, అధికారులే పాలించారు. ఎట్టకేలకు మండలి ఏర్పడిన మరుసటి సంవత్సరమే, 2022లో, రాష్ట్రంలోని మునిసిపల్ బడుల పర్యవేక్షణను ప్రభుత్వం పాఠశాల విద్యాశాఖకు అప్పగించింది. భవనాలూ ఆస్తులూ పురపాలక సంస్థలవి, పెత్తనం శాఖది.

మిగిలింది బడి స్థాయి కమిటీ. 1998లో రాష్ట్రం పాఠశాల విద్యలో ప్రజాభాగస్వామ్య చట్టం చేసింది. 2009 విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం స్త్రీలుండాలనీ నిర్దేశించింది. రాష్ట్ర నియమాల ప్రకారం తరగతికి ముగ్గురిని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. స్థానిక కార్పొరేటరుకు పదవిరీత్యా స్థానం. తిరుపతిలో ఆ కుర్చీ ఏళ్లతరబడి ఖాళీ అని వేరే చెప్పనక్కరలేదు. పన్నుకు బదులు బిడ్డే ఓటుకు అర్హత కావడం చరిత్రలో ముందడుగే. వందేళ్ల క్రితం జాబితాలో లేని తల్లి ఇప్పుడు అధ్యక్షురాలు కాగలదు.

కాని 2019లో, 2021లో, 2024లో జరిగిన ఎన్నికల తీరు తెలిసిన ఉపాధ్యాయుడెవరైనా ఆమోదించే సత్యం ఒకటుంది. ఎన్నిక పనిదినాన, పగటిపూట జరుగుతుంది. ఆ పూట కూలి పోగొట్టుకోలేని తల్లి రాదు. వచ్చినవాళ్లు ఊరి పెద్దల ఎదుట చేయెత్తాలి. ఆ చేయి ఎటు లేస్తుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు. మనం ఏకగ్రీవం అని గొప్పగా రాసుకునేదాంట్లో అంగీకారమెంత, భయమెంత? పైగా ఈ కమిటీ అధికారం ఆ బడి గోడలు దాటదు. నగరంలో ఏ బడి మూసేయాలి, ఏది కలపాలి అన్న నిర్ణయం వేరేచోట జరుగుతుంది.

కనుక కోరవలసినవి స్పష్టమే. ఎన్నిక సెలవురోజున, రహస్య ఓటుతో జరగాలి. కమిటీ జమాఖర్చులు బడిగోడ మీద అంటించాలి. కమిటీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకొన్న నగర విద్యామండలి ఉండాలి. ఆ మండలిని అడగకుండా ఏ బడీ మూతపడకూడదు.

రచయితలకూ ఇందులో పనుంది. మధురాంతకం రాజారాం బడిపంతులుగా ఉంటూనే ఈ సీమ పల్లె బతుకును కథలుగా రాశారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘చదువులా? చావులా?’ అని తల్లిదండ్రులనే నిలదీశారు. చేయెత్తబోయి ఆగిపోయిన ఆ తల్లి మనసులో ఏం జరిగిందో ప్రభుత్వ రికార్డు రాయదు. అక్కడ ‘ఏకగ్రీవం’ అని ఒక్క మాటే ఉంటుంది. మిగతాది రాయవలసింది కథకుడే.