రోళ్లపాడు పచ్చిక బయలు: బట్టమేక పిట్ట కోసం వెలసిన అభయారణ్యం

19వ శతాబ్దం మధ్యకాలంలో వైనతేయ పాయ మీద వెలసిన పి.గన్నవరం అక్విడక్టు, అంటే నదిపై నుంచి కాలువను దాటించే కట్టడం, కోనసీమను వరిచేల సీమగా మలచడంలో పెద్ద పాత్ర వహించింది. అయితే సాగునీరు అన్ని నేలలకూ ఒకే ఫలితం ఇవ్వదని, వానచినుకుపై ఆధారపడిన పచ్చిక బయళ్లలో అది జీవజాలపు మనుగడనే తారుమారు చేయగలదని నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం చరిత్ర తెలియజేస్తుంది.

బట్టమేక పిట్ట రక్షణ కోసం 1988లో సుమారు 614 హెక్టార్లలో ఏర్పడిన ఈ అభయారణ్యంలో ఉన్నది దట్టమైన అడవి కాదు, అక్కడక్కడా పొదలతో కూడిన గడ్డి మైదానం. చెట్లు లేని ఇటువంటి నేలను బంజరుగా లెక్కగట్టడం పరిపాటి కాగా, ఇంగ్లండులో సుద్దరాతి గుట్టలపై శతాబ్దాల గొర్రెల మేతతో నిలిచిన పచ్చికలను అరుదైన పూలకు, సీతాకోకచిలుకలకు నెలవులుగా కాపాడుతున్నారు.

దాదాపు మీటరు ఎత్తు, 15 కిలోల వరకు బరువు ఉండే బట్టమేక పిట్ట నేలమీదనే సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది కాబట్టి, దాని సంతతి తగ్గినంత త్వరగా పెరగదు. పైగా ఎదుటి తీగలను వేళకు గుర్తించలేక విద్యుత్ లైన్లకు తగిలి చనిపోతుంది. మిడతలు, పురుగులతో పాటు వేరుశనగ వంటి గింజలను కూడా తినే ఈ పక్షికి అభయారణ్యంతో పాటు చుట్టుపక్కల మెట్టచేలు కూడా ఆవాసమే.

రక్షణ దొరికాక కృష్ణజింకలు వృద్ధి చెందగా, శీతకాలంలో మధ్య ఆసియా నుంచి వలస వచ్చే హారియర్ జాతి గద్దలు ఈ గడ్డిలో రాత్రి విడిది చేసేవి. కానీ జింకలు పంటలపై పడడంతో రైతులు నష్టపోయారు; చుట్టూ నీటిపారుదల పెరిగి మెట్టపంటల తీరు మారడంతో బట్టమేక పిట్టకు అనువైన నేల కుంచించుకుపోయి, ఇటీవలి సంవత్సరాలలో అది ఇక్కడ కనిపించడమే అరుదైంది. 2011 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా పరిగణిస్తున్నది. మిగిలినవాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే ఉన్నాయి.

హద్దురాళ్లు పాతినంత మాత్రాన గడ్డినేల భద్రం కాదు. జింకల వల్ల కలిగే పంటనష్టానికి సకాలంలో పరిహారం ఇస్తూ, మెట్టసేద్యం గిట్టుబాటయ్యేలా చూస్తూ, రైతును భాగస్వామిగా చేసుకున్నప్పుడే ఇటువంటి అభయారణ్యం ఆశయం నెరవేరుతుంది.