బొమ్మకు ముందు కాగితం

పులికాట్‌లో తీసిన ఫ్లెమింగో ఫోటోలన్నీ కలిపి పుస్తకం వేస్తానంటివి, సంతోషం అబ్బయ్యా. చలికాలంలో సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కితే చాలు, రెండు పక్కలా నీళ్లలో అవే గదా! కానీ ఫోనులో మెరిసిందల్లా పుస్తకంలో మెరవదు. దాన్ని కాసేపు పక్కనబెట్టి ఇట్టా జరిగి కూర్చో. మా కాలంలో పుస్తకంలోకి బొమ్మ ఎట్టా ఎక్కేదో చెప్తా.

అప్పట్లో ఫోటో ఉంటే చాలదు, అచ్చుకు దాన్ని రేకు మీదికి దించిన బ్లాకు ఉండాలి. మంచి హాఫ్‌టోన్ బ్లాకంటే మేం మద్రాసుకే పంపేవాళ్లం. ఫోటోను రెండు అట్టల మధ్య పెట్టి, పురికొస చుట్టి, రైల్లో పోయే తెలిసినవాళ్ల చేతికిచ్చేవాళ్లం. ఫోటోకు గుండుసూది గుచ్చకూడదు. వెనకవైపు పెన్సిలుతో ఒత్తి రాయకూడదు, ఆ గీత ముందువైపు తేలి బ్లాకులోకీ వచ్చేస్తుంది. ఎంతమేర కావాలో పైన ట్రేసింగు కాగితం కప్పి, దానిమీద మెత్తగా గీయాలి. బ్లాకు ఖరీదు చదరపు అంగుళాల లెక్కన. అందుకని పుస్తకం వేసేవాడు ఒక అంగుళం తగ్గించమనేవాడు, ఫోటోలోని పెద్దమనిషి రెండంగుళాలు పెంచమనేవాడు! మొహం తెల్లగా రావాలని రీటచింగు చేసేవాడికి కాఫీ, ఇడ్లీ పెట్టించినవాళ్లూ ఉండారు. తీరా అచ్చయ్యాక ముక్కూ చెంపా కలిసిపోయేవి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

మనుషుల ముచ్చట్లు చెప్పుకుంటూ పోతే తెల్లారుద్ది గానీ, బ్లాకు దగ్గరికొద్దాం. సన్నటి గీతలున్న గాజు స్క్రీను అడ్డం పెట్టి ఫోటోను మళ్లీ ఫోటో తీసేవాళ్లు. బొమ్మంతా చుక్కలయ్యేది. దాన్ని జింకు రేకు మీదికో రాగి రేకు మీదికో దించి యాసిడ్‌తో తినిపిస్తే చుక్కలు మాత్రం ఎత్తుగా నిలిచేవి. నీడలో పెద్ద చుక్కలు, వెలుగులో చిన్న చుక్కలు. సిరా ఒకటే నలుపు, మధ్యలోని బూడిదరంగంతా మన కన్ను కల్పించుకునేదే. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి, అదే, సత్యజిత్ రాయ్ తాతగారు, ఈ హాఫ్‌టోన్ విద్య మీద తానే పరిశోధన చేసి, ఇంగ్లండు వాళ్ల ముద్రణ పత్రికలో వ్యాసాలు రాసిన మహానుభావుడు.

ఇక్కడే అసలు కిటుకుంది, చెవి ఇటు పెట్టు. న్యూస్‌ప్రింటుకు అంగుళానికి 65 గీతల స్క్రీను, నున్నటి ఆర్టు పేపరుకు 133. ఆర్టు పేపరు బ్లాకును న్యూస్‌ప్రింటు మీద వేస్తే సిరా పీల్చుకుని చుక్కలు ఉబ్బి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, బొమ్మ మసిగుడ్డవుతుంది. అందుకే బ్లాకుకు ఆర్డరిచ్చే ముందే కాగితం ఏదో తేల్చుకునేవాళ్లం.

బ్లాకులు పోయినాయి, ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటరొచ్చింది. చుక్క మాత్రం పోలా. నీ ఫ్లెమింగో ఒళ్లు దాదాపు తెలుపే, గులాబీ రంగు ఎక్కువగా రెక్కల్లో ఉంటుంది. బాగుంటుందని వెలుతురు పెంచావా, ఆ తెలుపులో చుక్కే పడదు, ఈకలన్నీ పోయి ఉత్త కాగితం మిగులుతుంది. తెల్లటి చోట కూడా నూటికి మూడో నాలుగో వంతుల చుక్క నిలవాలి. ఫోను స్క్రీను మీది గులాబీ వెలుగుతో పుట్టింది. అచ్చులో అది ఎరుపు, పసుపు సిరాలు కలిస్తే రావాలి, అందుకని కొంచెం తగ్గుతుంది. పది అంగుళాల వెడల్పు బొమ్మకు 3000 పిక్సెళ్లు ఉండేట్టు చూసుకో. రెండు పేజీలకూ పరిచే ఫోటోలో పక్షి మెడను కుట్టు దగ్గర పెట్టొద్దు, మడతలో మునిగిపోతుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రేపు ప్రెస్సుకు పోయి, వాళ్లు వాడబోయే కాగితమే అడుగు. దానిమీద నాలుగు ఫోటోలు ప్రూఫు తీయించి, ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుతురులో చూడు. నాకూ ఒకటి పట్టుకురా. అది నచ్చినాకే మొత్తం పుస్తకానికి ఆర్డరివ్వు.