గురుపరంపరలో లేని పేర్లు

మా అమ్మమ్మ కాకినాడలో ఏ కచేరీ జరిగినా వెళ్ళేది. సూర్యకళామందిరంలో ఆవిడ పక్కన కూర్చుని తాళం లెక్కపెట్టడం నా బాల్యంలో పెద్ద సరదా. ఆవిడ మాత్రం వంటింట్లో తప్ప ఎక్కడా పాడేది కాదు. "పెళ్ళిచూపుల్లో పాడిందే నా ఆఖరి కచేరీ" అని నవ్వేది. ఒకరోజు పప్పు మెదుపుతూ ఏదో జావళి తీసింది. ఎవరు నేర్పారని అడిగాను. "చిన్నప్పుడు పెళ్ళిలో మేళం వాళ్ళు పాడగా పట్టుకున్నానే. ఎవరితోనూ అనకు" అంది.

ఆ "అనకు" అన్న మాట దగ్గరే ఈ వ్యాసం మొదలైంది.

సాహిత్యం చదువుకున్న మనకి ముద్దుపళని 'రాధికాసాంత్వనము' కథ తెలుసు. ఆ కావ్యాన్ని కందుకూరి వీరేశలింగం నిందించడం, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి వావిళ్ళ వారిచేత అచ్చు వేయించడం, ప్రభుత్వం నిషేధించడం, 1947లో ప్రకాశం గారి హయాంలో నిషేధం తొలగడం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. కానీ నాగరత్నమ్మ ముందుగా గాయని అన్న సంగతిని ఒక వాక్యంలో చెప్పి దాటేస్తాం. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి మందిరం కట్టించింది ఆమె. అందుకు తన సొమ్ము ఖర్చుపెట్టింది. అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోతే 1927లో స్త్రీలతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. తెలుగులో పాడుకున్న వాగ్గేయకారుడి సమాధి ముందు తెలుగు కావ్యాన్ని కాపాడిన స్త్రీకి పాడే హక్కు లేకపోయింది!

అంత దూరం ఎందుకు? మన గోదావరి జిల్లాల్లోనే బల్లిపాడు, మురమండ, ముమ్మిడివరం, పెద్దాపురం లాంటి చోట్ల కలావంతుల కుటుంబాలు ఉండేవి. క్షేత్రయ్య పదాలు, జావళీలు, అష్టపదులు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, భామాకలాపం వాళ్ళ సొత్తు. ఆలయంలో పాడేవారు, జమీందారుల కొలువులో పాడేవారు, పెళ్ళిళ్ళలో మేజువాణీ చేసేవారు. కూర్చునే ఉండి, తానే పాడుతూ, ఒక్క పాదాన్ని పదిరకాల అర్థాలతో అభినయించడం వాళ్ళ విద్యలో కీలకం. అలా చెయ్యాలంటే రాగం తెలియాలి, సాహిత్యం తెలియాలి, ఎదురుగా ఉన్న సభ మనసూ తెలియాలి. తల్లి నుంచి కూతురికీ, పెద్దమ్మ నుంచి మనవరాలికీ వచ్చిన ఈ చదువును మన సంగీత చరిత్రలు గురుపరంపరగా లెక్కపెట్టలేదు. ఆ పుస్తకాల్లో తండ్రులూ కొడుకులూ శిష్యులూ బారులు తీరి ఉంటారు.

రాజమండ్రిలో వీరేశలింగం నడిపిన భోగంమేళాల వ్యతిరేకోద్యమం ఎందుకొచ్చిందో అర్థం చేసుకోగలను. ఊహ తెలియని ఆడపిల్లని దేవుడికిచ్చి కట్టేసే ఆచారాన్ని నేనెలా సమర్థిస్తాను? ఆ కుటుంబాల్లో పుట్టి సంస్కరణ కోసం పనిచేసిన యామినీ పూర్ణతిలకం లాంటి వారి ఆవేదన నిజమైనది. అయితే 1947 చట్టం అంకితమిచ్చే ఆచారంతోపాటు గుళ్ళలోనూ దేవుడి ఊరేగింపుల్లోనూ స్త్రీల నాట్యాన్ని కూడా నేరం చేసింది. 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ పెళ్ళిళ్ళలో మేళాన్నీ ఆపేసింది. ఆమెను పోషించిన మగవాడిని ఏ చట్టమూ ఏమీ అడగలేదు. ఆమెకి మరో వేదికా చూపించలేదు. పదాలూ జావళీలూ సభలకీ రేడియోకీ చేరాయి. పాడినవాళ్ళలో చాలామంది ఇంట్లో తలుపులు వేసుకుని, తమ పిల్లలకి కూడా ఆ పాటలు నేర్పకుండా ఉండిపోయారు.

మిగిలింది అవహేళన. గోదావరి మండలంవాడే అయిన కాళ్ళకూరి నారాయణరావు రాసిన 'చింతామణి' దశాబ్దాల తరబడి ఊరూరా ఆడింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కారణం సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదు. ఏ పుస్తకాన్నీ నాటకాన్నీ నిషేధించడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ చర్చలో చింతామణి, చిత్ర, శ్రీహరి ఎవరి ఇళ్ళ ఆడవాళ్ళన్న ప్రశ్న ఎంతమందికి తట్టింది? పెద్దాపురం అనగానే నవ్వే మన సినిమాలు ఆ ఊరి సంగీతం గురించి ఒక్క మాటయినా చెప్పాయా?

ఇక మా అమ్మమ్మ లాంటివాళ్ళు. కలావంతుల స్త్రీలు ఖాళీ చేసిన చోటికి 'కుటుంబ స్త్రీలు' వచ్చారంటారు. ఎంతవరకు రానిచ్చారు? సంగీతం పెళ్ళికి అర్హతగా పనికొచ్చింది, పెళ్ళయ్యాక అటకెక్కింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వార్షిక సదస్సుకి 1929 నుంచీ విద్వాంసులు అధ్యక్షత వహిస్తుంటే, స్త్రీకి ఆ పీఠం దక్కింది 1968లో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి. ఆమె తల్లి షణ్ముఖవడివు దేవదాసీ కుటుంబంలోని వైణికురాలు. మన విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి సంగీత కళానిధి అయ్యేసరికి 2016 వచ్చింది. ఫిడేలుకి ఆ బిరుదు అందుకున్న మొదటి స్త్రీ ఆమే.

బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయానికి చెందిన సరిదె మాణిక్యమ్మ వంటి కొందరి పేర్లు నటరాజ రామకృష్ణ, స్వప్నసుందరి వంటివారి కృషి వల్ల మనకి దక్కాయి. వారిని కూడా మనం నాట్యం అనే అరలో పెట్టి, గాయనులుగా మరిచాం. పాటనీ అభినయాన్నీ విడదీసి చూడటం మన అలవాటు. వాళ్ళ విద్యలో ఆ గీత లేదు.

అందుకని ఒక కోరిక. మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే పాటలు రికార్డు చేసుకుంటున్నాం కదా, ఆ పాట ఎవరి దగ్గర విన్నారో కూడా అడిగి రాసుకుందాం. పేరు గుర్తులేకపోతే ఊరు, ఊరు గుర్తులేకపోతే ఏ పెళ్ళిలోనో.

అమ్మమ్మ లేదిప్పుడు. ఆ జావళి నాకు సగమే వచ్చు. ఎవరితోనూ అనకన్న మాట మాత్రం ఈ రోజు తప్పుతున్నాను. మా అమ్మమ్మకి గురువు ఉంది. ఆవిడ మేళంలో పాడేది.