ఇంజన్ ఆపే ముందు ఒక్క నిమిషం

టర్బో పోయిందని వచ్చే బండ్లలో టర్బో తప్పున్నవి చాలా తక్కువ. విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని, తర్వాత కార్లకు మళ్లినవాణ్ణి నేను. విప్పి బల్ల మీద పెడితే దాదాపు అన్నిటిదీ ఒకటే కథ. షాఫ్టు వేడికి నీలం తిరిగి ఉంటుంది. బేరింగు అరిగిపోయి ఉంటుంది. ఆయిల్ తెచ్చే సన్న గొట్టంలో నల్లటి మడ్డి రాయిలా గట్టిపడి ఉంటుంది. ఆ గొట్టం మార్చకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. కానీ బిల్లు చూసిన ఓనరు తిట్టేది మాత్రం టర్బోనే.

దీన్ని ఊహించినవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకి. 1905లో పేటెంటు తీసుకున్నాడు. సైలెన్సరు గుండా వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పాలి, అదే షాఫ్టుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఇంజన్లోకి దట్టించాలి. మాట చిన్నదే. ఓడల డీజిల్ ఇంజన్లలో అది సరిగ్గా పనిచేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈలోగా అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజనీరు 1918లో ఒక విమానం ఇంజన్ని కొలరాడోలోని పైక్స్ పీక్ మీదికి, 14,000 అడుగుల ఎత్తుకు చేర్చి పరీక్షించాడు. అక్కడి పల్చటి గాలిలో 230 హార్స్‌పవర్‌కు పడిపోయిన ఇంజన్ టర్బో పెట్టగానే 356 ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు అంత ఎత్తున ఎగిరాయంటే దాని చలవే.

ఓడలో టర్బో పక్కన ఇంజనీరు కాపలా ఉంటాడు. విమానం దిగగానే మెకానిక్కులు దాని చుట్టూ చేరతారు. కారులో ఉండేది ఓనరు ఒక్కడే. ఈ తేడా 1962లో అమెరికన్ కంపెనీ జనరల్ మోటార్స్‌కు బాగా తెలిసొచ్చింది.

ఆ ఏడు ఆ కంపెనీ రెండు టర్బో కార్లు అమ్మకానికి పెట్టింది. ఒకటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. మూడున్నర లీటర్ల అల్యూమినియం వీ8 ఇంజన్, 215 హార్స్‌పవర్. దాని కంప్రెషన్ నిష్పత్తి 10.25. పెట్రోలు ఇంజన్‌లో అంత కంప్రెషన్ ఉండగా టర్బో కూడా గాలి దట్టిస్తే ఆ వేడికి పెట్రోలు ప్లగ్గు వెలగక ముందో, వెలిగాక అదుపు తప్పో తనంతట తాను పేలుతుంది. మేం నాకింగ్ అంటాం. అది పిస్టన్లను తినేస్తుంది. కంప్రెషన్ తగ్గించడం ఇష్టం లేని ఇంజనీర్లు ఒక సీసా పెట్టారు. అందులో మెథనాలు, డిస్టిల్డ్ వాటరు, తుప్పు పట్టకుండా కొంచెం మందు. టర్బో తిరిగినప్పుడల్లా ఆ ద్రవం గాలితో కలిసి లోపలికి పోయి ఇంజన్ని చల్లబరుస్తుంది. పేరు కూడా ఘనంగా టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పెట్టారు. సీసా నింపడం ఓనరు పని.

ఓనర్లు నింపలేదు. సీసా ఖాళీ అయితే ఇంజన్ పాడవకుండా టర్బో ఒత్తిడిని కట్ చేసే వాల్వు ఉంది కాబట్టి బండి నడుస్తుంది గానీ పికప్ ఉండదు. డబ్బు పోసి కొన్న వేగం ఏదని షోరూముల మీదికి వచ్చారు. చివరికి చాలా కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బొరేటరు బిగించారు. రెండేళ్లలో జెట్‌ఫైర్ ఆగిపోయింది. ఆ డిజైను తెలివైనదేనని నేనిప్పటికీ అంటాను. డ్రైవరు సీట్లో ఎవరు కూర్చుంటారో తప్ప మిగతా అన్నీ లెక్కేశారు.

రెండోది షెవర్లే కార్వెయిర్ స్పైడర్. దానికి సీసా లేదు. కంప్రెషన్ని 8కి దించేశారు. 150 హార్స్‌పవరే, కానీ నడిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అందరూ ఆ దారే పట్టారు. దానికీ ఒక మూల్యం ఉంది. కంప్రెషన్ తక్కువైతే టర్బో అందుకునేదాకా బండి నీరసంగా ఉంటుంది, అందుకున్నాక ఒక్కసారిగా తోస్తుంది. 1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బో కంప్రెషన్ 6.9 మాత్రమే. అది రాగానే చమురు సంక్షోభం మొదలై దాని తయారీ 1,672 కార్లతో ముగిసింది. 1975 నాటి పోర్షె 911 టర్బో 6.5తో 260 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇంజన్ వెనక, మలుపు మధ్యలో టర్బో తోపు. దానికి వైధవ్యం తెచ్చే కారని పేరు పడింది.

ఫార్ములా వన్‌లోకి 1977లో టర్బో తెచ్చిన రెనో కారైతే సిల్వర్‌స్టోన్‌లో మొదటి పందెంలోనే టర్బో పోయి ఆగింది. పొగలు కక్కే ఆ పసుపు కారును జనం టీ కెటిల్ అని ఎగతాళి చేశారు. రెండేళ్లకు రెనో టర్బో కారుతోనే దిజోన్‌లో గెలిచి నోళ్లు మూయించింది.

టర్బోను రోజూ ఆఫీసుకెళ్లే కారులో కుదురుగా కూర్చోబెట్టింది స్వీడన్ కంపెనీ సాబ్. 1977లో చూపించిన 99 టర్బోలో చిన్న టర్బో వాడి, ఎక్కువైన పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేటు పెట్టి, తక్కువ వేగంలోనే లాగేలా చేశారు. 1980ల మొదట్లో నాకింగ్‌ను పసిగట్టి టర్బో ఒత్తిడిని తనే తగ్గించే ఏపీసీ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు తెచ్చారు. జెట్‌ఫైర్ సీసా పని అలా యంత్రానికి పోయింది.

మిగిలింది వేడి. షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతూ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. పెట్రోలు కారులో అటుపక్క చక్రాన్ని తాకే పొగ 900 డిగ్రీలు కూడా దాటుతుంది. హైవే మీద తొక్కుకుంటూ వచ్చి ఠక్కున కీ తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగుతుంది, వేడి ఆగదు. బేరింగులో నిలిచిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. అందుకే కంపెనీలు ఆపే ముందు ఓ నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచమన్నాయి. ఎవరుంచుతారు? జపాన్‌లో కుర్రాళ్లు కీ తీసేసినా ఇంజన్ని కాసేపు తిప్పే టర్బో టైమర్లు బిగించుకున్నారు. కంపెనీలు బేరింగు చుట్టూ నీళ్ల దారి పెట్టాయి. ఇంజన్ ఆగినా వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకి పోయి, చల్లటివి కిందికి దిగుతుంటాయి. ఆ నిమిషం కూడా ఓనరు చేతిలోంచి తీసుకున్నట్టే.

దాంతో రోగం పక్కింటికి మారింది. బీఎండబ్ల్యూ 2006లో తెచ్చిన ఎన్54 ఇంజన్‌కు రెండు టర్బోలు, మూడు లీటర్లు, 306 హార్స్‌పవర్. అవార్డుల మీద అవార్డులు. కానీ పెట్రోలును నేరుగా సిలిండరులోకి కొట్టే హైప్రెషర్ పంపు ఎన్నో కార్లలో చేతులెత్తేసింది. అమెరికాలో ఆ పంపుకు వారంటీని పదేళ్లకు, 1,20,000 మైళ్లకు పెంచాల్సి వచ్చింది. వేస్ట్‌గేటు లీవర్లు అరిగి గలగలమన్నాయి. పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పారదు కాబట్టి వాటిని కడిగేది లేక మసి పేరుకుంది. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కార్లలో టర్బో ఆయిల్ గొట్టం బోల్టులో చిన్న జల్లెడ ఉండేది. చెత్త పోకుండా పెట్టిందే. ఆయిల్ మార్చకుండా లాగిస్తే ఆ జల్లెడే పూడిపోయి టర్బోను ఎండగట్టేది. దాన్ని పీకేసే మెకానిక్కులున్నారు, వేళకు ఆయిల్ మార్చమని పోరేవాళ్లున్నారు. నేను రెండో రకం.

ఇప్పుడు మన రోడ్ల మీద లీటరు ఇంజన్ల టర్బో పెట్రోలు కార్లు బోలెడు. వీటిలో నాకింగ్ ఇంకో రూపంలో తిరిగొచ్చింది. టాప్ గేరులో బండి నెమ్మదిగా పోతుండగా యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, సిలిండరు గోడ మీది ఆయిల్ చుక్క పెట్రోలుతో కలిసి ప్లగ్గు కంటే ముందే అంటుకోవచ్చు. ఆ ఒక్క పేలుడుకు పిస్టన్ విరిగిన సందర్భాలున్నాయి. ఆయిల్‌ను శుభ్రంగా ఉంచడానికి కలిపే కాల్షియం మందే దీన్ని పెంచుతోందని తేలాక, 2018లో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అనే కొత్త ప్రమాణం తెచ్చింది. కంపెనీలు కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచాయి. ఎస్‌పీ అని ఉన్న డబ్బాలు దాని తర్వాతి తరం. మా షెడ్డుకు సొంత ఆయిల్ తెచ్చుకునేవాళ్లు ధర చూసి కొంటారు, ఈ అక్షరాలు చూడరు. పాత గ్రేడు డబ్బా అయితే మూత తీయకుండానే తిరిగిచ్చేస్తున్నాను.