నడిరోడ్డుపై విద్యుత్తు కారు నీరసిస్తే..

జాతీయ రహదారిపై 80 కిలోమీటర్ల వేగంతో సాగుతున్న విద్యుత్తు కారు ఉన్నట్టుండి నీరసిస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం పుంజుకోదు. ఛార్జింగ్ మాత్రం 60 శాతం ఉన్నట్లే కనిపిస్తుంది. వెనుక నుంచి లారీ దూసుకొస్తుంటుంది. పెద్ద బ్యాటరీ పాడైందని, లక్షల్లో ఖర్చు తప్పదని యజమాని బెంబేలెత్తడం సహజం. కానీ లోపం అక్కడే ఉండాలని లేదు. విద్యుత్తు కార్లు దారిలో నిలిచిపోవడానికి 12 వోల్టుల చిన్న బ్యాటరీయే ప్రధాన కారణమని జర్మనీకి చెందిన మోటారు వాహనదారుల సంఘం ఏడీఏసీ లెక్కలు చెబుతున్నాయి. ఓ క్రమంలో వెతికితే ప్రమాదం, వృథా ఖర్చు రెండూ తప్పుతాయి.

ముందు ప్రాణ రక్షణ

శక్తి తగ్గిన మరుక్షణమే హజార్డ్ లైట్లు వేసి, వేగం మిగిలి ఉండగానే కారును ఎడమ అంచుకు చేర్చాలి. స్టీరింగ్ బరువెక్కవచ్చు. బ్రేకు గట్టిగా తొక్కాల్సి రావచ్చు. ప్రయాణికులను దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. జాతీయ రహదారులపై 1033 నంబరుకు ఫోన్ చేస్తే సాయం అందుతుంది. పొగ, ఘాటైన వాసన వస్తే కారుకు దూరంగా జరిగి 112కు సమాచారమివ్వాలి.

లక్షణాలు మూడు రకాలు

తాబేలు బొమ్మ వెలిగి కారు నెమ్మదిగా నడుస్తుంటే అది సాధారణంగా రక్షణ చర్య. ఛార్జింగ్ అడుగంటినా, బ్యాటరీ లేదా మోటారు వేడెక్కినా కంప్యూటరే శక్తిని తగ్గిస్తుంది. మండువేసవిలో ఫాస్ట్ ఛార్జింగ్ చేసిన వెంటనే వేగంగా నడిపితే ఈ ఇబ్బంది రావచ్చు. నీడలో కాసేపు ఆపాక శక్తి తిరిగొస్తే వేడిని అనుమానించాలి.

తెర మసకబారి, సంబంధం లేని హెచ్చరికలన్నీ ఒకేసారి వెలిగితే చిన్న బ్యాటరీని చూడాలి. తెర బాగానే ఉండి, మోటారుకు మాత్రమే శక్తి ఆగిపోతే లోపం అధిక వోల్టేజి భాగంలో ఉండే అవకాశం ఎక్కువ.

చిన్న బ్యాటరీతో పెద్ద చిక్కు

కంప్యూటర్లతో పాటు పెద్ద బ్యాటరీని మోటారుతో కలిపే కాంటాక్టర్లు కూడా 12 వోల్టులతోనే పనిచేస్తాయి. అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. సీసపు బ్యాటరీ అయితే కారు ఆపి ఉంచినప్పుడు మల్టీమీటరులో 12.6 వోల్టుల వరకు చూపాలి. కారు ఆన్ చేశాక అది సాధారణంగా 13.5 దాటాలి. పెరగకపోతే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి ఛార్జి అందించే కన్వర్టరును పరీక్షించాలి. ఇవేమీ చూడకుండా కొత్త బ్యాటరీ బిగిస్తే అదీ కొద్దిసేపట్లోనే ఖాళీ అవుతుంది.

ఈ తరహా లోపంతోనే అమెరికాలో 2024 మార్చిలో హ్యుందాయ్ 98,878 కార్లను వెనక్కి పిలిచింది. మన దేశంలో 2024 జూన్‌లో 1,744 అయానిక్ 5 కార్లను ఆ సంస్థ, జులైలో 1,138 ఈవీ6 కార్లను కియా తనిఖీకి పిలిచాయి. 2025 ఫిబ్రవరిలో కియా మరో 1,380 కార్లకు పిలుపునిచ్చింది. ఇలాంటి పిలుపు ఉంటే మరమ్మతు ఉచితం. ఛాసిస్ నంబరుతో ముందే ఆరా తీయడం మేలు.

పెద్ద బ్యాటరీలో ఒక్క సెల్ చాలు

నిస్సాన్ లీఫ్ వంటి కార్లలో 96 సెల్ సముదాయాలు వరుసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి బలహీనపడినా, గట్టిగా తొక్కినప్పుడు దాని వోల్టేజి కుంగి కంప్యూటరు శక్తిని తగ్గిస్తుంది. అందుకే మొత్తం వోల్టేజి చూస్తే చాలదు. కారు నడుస్తుండగా అతి తక్కువ, అతి ఎక్కువ సెల్ వోల్టేజిల మధ్య తేడా చూడాలి. వానలో, వరద నీటిలో నడిచాక ఆగిపోతే తేమ చేరి ఇన్సులేషన్ దెబ్బతిందేమో పరిశీలించాలి.

కోడ్‌లు చెరపొద్దు

స్కానర్‌లో పీ0562 వస్తే 12 వోల్టుల వ్యవస్థలో వోల్టేజి తగ్గిందని, పీ0ఏఏ6 వస్తే అధిక వోల్టేజి భాగంలో ఇన్సులేషన్ లోపమని అర్థం. నమోదు చేసుకోకుండా వీటిని చెరిపేస్తే అసలు ఆధారమే పోతుంది. చిన్న బ్యాటరీ తీగ పీకి మళ్లీ తగిలించినా కొన్ని కార్లలో సమాచారం చెరిగిపోవచ్చు.

నారింజ రంగు తీగలను శిక్షణ లేనివారు ముట్టుకోకూడదు. అందులో ప్రాణాంతక వోల్టేజి ఉంటుంది. కారును తాడు కట్టి లాగించవద్దు. చక్రాలతో పాటు మోటారు తిరిగి విద్యుత్తు పుట్టి, లోపలి పరికరాలు దెబ్బతినవచ్చు. నాలుగు చక్రాలూ పైకెక్కే వాహనంలోనే తరలించాలి.

సర్వీసు కేంద్రం దూరంగా ఉన్న ఊళ్లలో యజమాని ఇచ్చే వివరాలే కీలకం. డ్యాష్‌బోర్డు ఫొటో, ఛార్జింగ్ శాతం, అప్పటి వేగం, వాన పడిందా, ఫాస్ట్ ఛార్జింగ్ ఎప్పుడు చేశారు అన్నవి అక్కడికక్కడే రాసిపెట్టుకోవాలి. సర్వీసు కేంద్రానికి చేరేసరికి కారు మామూలుగా నడవొచ్చు. అప్పుడు లోపాన్ని పట్టిచ్చేది ఆ కాగితమే.