చిన్న విమానాలు, వికారాబాద్ నేల

హైదరాబాద్‌లో పైలట్ శిక్షణకు పాత కేంద్రం బేగంపేట. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారినా బేగంపేటలో శిక్షణ కొనసాగింది. నగరానికి పడమరనున్న వికారాబాద్, తాండూరు ప్రాంతాల మీదుగా కూడా శిక్షణ విమానాలు ఎగిరాయి.

విమానయానం తొలి దశాబ్దాల్లో చిన్న విమానాల్లో చాలావాటికి ముందు రెండు చక్రాలు, తోక కింద ఒకటి ఉండేవి. బరువు ముందు చక్రాలకు వెనకవైపు ఉండటంతో, నేలను తాకాక పక్కగాలి వీస్తే అవి గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకునేది. ముక్కు కింద చక్రంతో 1955లో తొలిసారి ఎగిరిన సెస్నా 172 ఆ ముప్పును బాగా తగ్గించింది. అయితే వేగం మరీ తగ్గి రెక్కలు విమానాన్ని మోసే శక్తి కోల్పోవడం, నేలను తాకి ఎగిరిపడటం, రన్‌వే దాటిపోవడం వంటి ప్రమాదాలు మిగిలాయి.

వికారాబాద్ మీదుగా ఎగురుతుండగా ఇంజన్ ఆగితే పొలంలోనే దిగాలి. అనంతగిరి అడవి కొండలు, తాండూరు నాపరాయి గనుల గోతులు అందుకు పనికిరావు. వానకు నానిన నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోయి విమానం తలకిందులయ్యే ప్రమాదముంది.

2019 అక్టోబర్ 6న బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ వద్ద బేగంపేటలోని రాజీవ్ గాంధీ ఏవియేషన్ అకాడమీకి చెందిన సెస్నా 172 కూలి ఇద్దరు శిక్షణ పైలట్లు మరణించారు. అది దిగేటప్పుడు జరిగిన ప్రమాదం కాదు, పొలాల్లో కూలింది. ఇలాంటి ఘటనలపై దర్యాప్తు 2012లో ఏర్పడిన కేంద్ర విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ పరిధిలోకి వస్తుంది.